దున్నని నేలలో సాలీడు కాపురం

కొలరాడో రాష్ట్రం ఆగ్నేయ మూలన, ఆర్కన్సా నది ఒడ్డున లా హుంటా అనే చిన్న ఊరుంది. జనాభా ఏడు వేల పైచిలుకు. డెన్వర్ నుంచి కారులో మూడు గంటల దారి. వేసవిలో ఆ వైపు వచ్చేవాళ్లు పక్కనున్న రాకీ ఫోర్డ్ దగ్గర ఆగి కర్బూజాలు కొనుక్కుంటారు. సెప్టెంబరు సగం దాటాక వచ్చేవాళ్ల ధోరణి వేరు. సూర్యుడు వాలే వేళకు 109వ నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా బయల్దేరతారు. కారును నెమ్మదిగా పోనిస్తూ, కళ్లు తారురోడ్డు మీదే నిలిపి చూస్తుంటారు. వాళ్లు వెతుకుతున్నది అరచేయంత సాలీడును.

పేరు అఫోనోపెల్మా హెంట్జి. అక్కడివాళ్లు టెక్సస్ బ్రౌన్ టరంటులా అంటారు. 2022 నుంచి లా హుంటా ఊరివాళ్లు దాని పేరు మీద ఏటా పండుగ చేస్తున్నారు. సాలీడు వేషాలతో ఊరేగింపు తీస్తారు, ఎవరి కాళ్లకు రోమాలు ఎక్కువో తేల్చే పోటీ పెడతారు. ఒకప్పుడు సాలీడు కనబడితే చెప్పుతో కొట్టే జనమే ఇప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని చూడటానికి వస్తున్నారు. ఈ మార్పు నిజంగా సంతోషం కలిగించేది.

అయితే ఆ పండుగ ప్రచారంలో తరచూ వినబడే 'టరంటులాల వలస' అన్న మాట సరైనది కాదు. సాలీళ్లు గుంపు కట్టి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోవడం లేదు. రోడ్డు మీద కనబడేవి దాదాపు అన్నీ మగవి. ఒక్కొక్కటి ఒంటరిగా, తన దారిన తాను, జత కోసం వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆడ సాలీడు ఎక్కడికీ పోదు. రోడ్డుకు అటూ ఇటూ కనబడుతున్న ఎండు గడ్డిలో, తన బొరియలో తానుంటుంది. నిన్న అక్కడే ఉంది, పదేళ్ల కిందటా అక్కడే ఉంది. కారులో పోయేవాళ్లకు కనబడని ఆ ఆడ సాలీడుదే అసలు కథ.

బొరియను వెతకాలంటే కారు దిగి నడవాలి. ఊరికి దక్షిణంగా పదమూడు మైళ్ల దూరంలో ఉన్న వోగెల్ కాన్యన్ చుట్టుపక్కల నేల అందుకు అనువైనది. మోకాలి ఎత్తుకు కూడా పెరగని గడ్డి, మధ్యమధ్య ముళ్ల జెముళ్లు, లోయ అంచుల్లో జూనిపర్ చెట్లు. బొరియ నోరు అంగుళం, మహా అయితే ఒకటిన్నర అంగుళం వెడల్పు. ఎలుక కలుగుకూ దీనికీ తేడా చూడగానే తెలిసిపోతుంది. ఎలుక కలుగు ముందు తవ్విపోసిన మట్టి ఉంటుంది, అంచులు చెదిరి ఉంటాయి. ఈ బొరియ నోరు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. అంచు చుట్టూ సన్నని దారాలు నేలను పట్టుకుని పరుచుకుని ఉంటాయి. ఏటవాలు ఎండలో వంగి చూస్తే అవి మెరుస్తాయి. పగటిపూట చాలా బొరియలకు నోటి మీద పల్చటి దారపు తెర కూడా కట్టి ఉంటుంది. తెర చెక్కుచెదరకుండా ఉందంటే లోపల సాలీడు ఉన్నట్టే.

లోతు అడుగు నుంచి రెండడుగుల దాకా ఉంటుంది. సాలీడు కోరలతోనూ ముందు కాళ్లతోనూ మట్టి పెళ్లగించి, దారంతో ముద్ద కట్టి బయటికి మోసి పారేస్తుంది. అదృష్టం బాగుంటే ఎలుక వదిలేసిన కలుగునే సొంతం చేసుకుని సర్దుకుంటుంది. లోపలి గోడలకు దారం పూత ఉంటుంది. లా హుంటాలో వేసవి ఎండ 38 డిగ్రీలు దాటడం మామూలు. చలికాలంలో సున్నాకు చాలా కిందికి దిగుతుంది. ఏడాది పొడుగునా కురిసే వాన 300 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అంటే మన అనంతపురంలో కురిసేదాంట్లో దాదాపు సగం. పైన ఇంత ఎండా, ఇంత చలీ, ఇంత కరువూ ఉన్నా రెండడుగుల కింద మట్టి మాత్రం పెద్దగా మారదు. చలి ముదిరే ముందు ఆడ సాలీడు మట్టితోనూ దారంతోనూ బొరియ నోరు మూసేసి అడుగుకు చేరుతుంది. వసంతం దాకా బయటి లోకంతో పని పెట్టుకోదు.

రాత్రి పూట అది వాకిట్లోకి వచ్చి కూర్చుంటుంది. తలమీద చిన్న గుబురులో ఎనిమిది కళ్లున్నా వెలుగూ నీడా తెలియడానికే తప్ప వాటితో పెద్దగా ప్రయోజనం లేదు. దాని చూపంతా కాళ్లలోనే, ఒంటి మీది రోమాల్లోనే ఉంది. గాలం వేసినవాడు దారం మీద వేలు ఆనించి కూర్చున్నట్టు, నోటి చుట్టూ పరిచిన దారాల మీద ముందు కాళ్లు ఆనించి ఉంటుంది. మిడతో, కీచురాయో, పెంకు పురుగో ఆ దారం తొక్కితే చాలు. పైనుంచి కిందికి దిగే రెండు కోరలు పడతాయి. తరువాత పని నెమ్మదిగా సాగుతుంది. జీర్ణరసాలు ఎర మీద పోసి, మెత్తబడ్డాక పీల్చుకుంటుంది. ఒకసారి కడుపు నిండితే వారాల తరబడి ఏమీ తినకపోయినా దానికి ఇబ్బంది లేదు. ఇంత పొదుపుగా బతకడం తెలిసింది కాబట్టే అంత బీద నేలలో నిలవగలిగింది.

పొదుపుకు ఫలితం ఆయుష్షు. ఈ జాతి ఆడ సాలీడు ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. పెద్దదయ్యాక కూడా కుబుసం విడుస్తూనే ఉంటుంది. ఊడిపోయిన కాలు ఉంటే తరువాతి కుబుసాలతో మళ్లీ మొలిపించుకుంటుంది. ఇందులో చాలా కాలం, వీలైతే బతుకంతా, ఒకే బొరియలో గడుపుతుంది. పెరిగేకొద్దీ దాన్నే వెడల్పు చేసుకుంటుంది, లోతు పెంచుకుంటుంది. అంటే ఆ గజం నేలను ఇరవై ఏళ్లపాటు ఎవరూ కదపకూడదు. ఒక్కసారి నాగలి దిగితే ఆ కాపురం ముగిసినట్టే.

అలాంటి నేల ఆ ప్రాంతంలో ఎలా మిగిలిందన్నది పెద్ద కథ. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో గోధుమ ధర ఆకాశాన్నంటింది. ట్రాక్టర్లు వచ్చాయి. వానలు కూడా కొన్నేళ్లు బాగానే పడ్డాయి. కొలరాడో, కాన్సస్, ఒక్లహామా, టెక్సస్, న్యూమెక్సికో కలిసే ఆ మైదానంలో వేల ఏళ్లుగా గడ్డి వేళ్లు పట్టి ఉంచిన నేలను రైతులు పోటీపడి తిరగదున్నారు. 1930ల్లో వరుసగా కరువులు వచ్చాయి. పైరు ఎండింది. పట్టి ఉంచే వేళ్లు లేక మట్టి గాలిలోకి లేచింది. 1935 ఏప్రిల్ 14న లేచిన దుమ్ము మేఘానికి పట్టపగలు చీకటి పడింది. చరిత్రలో ఆ రోజుకు 'నల్ల ఆదివారం' అనే పేరు నిలిచిపోయింది. లా హుంటాకు ఆగ్నేయంగా ఉన్న బాకా కౌంటీ ఆ విపత్తులో అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతిన్న ప్రాంతాల్లో ఒకటి. ఇళ్లూ పొలాలూ వదిలి జనం వెళ్లిపోయారు.

పనికిరాకుండా పోయిన ఆ భూములను కేంద్ర ప్రభుత్వం కొనడం మొదలుపెట్టింది. 1937లో అందుకు చట్టం కూడా చేసింది. కొన్నచోట గడ్డి విత్తింది. 1954లో అవి అటవీ శాఖ చేతికి వచ్చాయి. 1960లో కమాంచీ జాతీయ పచ్చిక మైదానం అని పేరు పెట్టారు. ఇప్పుడు దాని విస్తీర్ణం సుమారు 4.4 లక్షల ఎకరాలు. అందులో ఒక భాగం బాకా కౌంటీ వైపు, ఇంకో భాగం లా హుంటా పక్కనే ఉంది. పశువుల్ని మేపుకోవచ్చు కానీ దున్నడానికి లేదు. లోయల అంచుల్లో, రాతి నేలల్లో అసలు నాగలే చేరని చోట్లు కూడా ఉన్నాయి. నెమలికంఠం రంగు సాలీడు మన గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసినట్టు, ఈ గోధుమరంగు సాలీడు లా హుంటా పేరుతో తెలియడానికి కారణం ఊళ్లో లేదు, ఊరి చుట్టూ ఉన్న ఈ దున్నని నేలలో ఉంది. వందేళ్ల కిందటి తప్పును దిద్దడానికి కొన్న భూమిలో సాలీళ్లు బతుకుతున్నాయి. వాటిని మనసులో పెట్టుకుని ఆ పని ఎవరూ చేయలేదు, అయినా మేలు జరిగింది.

గుత్తి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. గుత్తి సాలీడు బొరియలో ఉండేది కాదు, ముసలి చెట్ల తొర్రల్లో ఉండేది. 1899లో పొకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించిన నమూనా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. తరువాత వందేళ్ల దాకా దాని ఊసు లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. దాని అసలు ఇల్లు అడవి, కలపతోపాటు రైలెక్కి గుత్తి చేరింది. కొలరాడోలో నేల దున్నితే ఇల్లు పోతుంది, ఇక్కడ ముసలి చెట్టు కొట్టేస్తే ఇల్లు పోతుంది. మన సాలీడు ఇప్పుడు తీవ్ర ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో ఉంది.

ఇక రోడ్డు మీది మగ సాలీళ్ల సంగతి. మగదీ ఆడదీ చిన్నప్పుడు పైకి ఒకే తీరుగా ఉంటాయి, ఒకే తీరుగా బొరియల్లో పెరుగుతాయి. ఏడు నుంచి పదేళ్ల వయసులో మగది తన ఆఖరి కుబుసం విడుస్తుంది. అందులోంచి వచ్చేది కొత్త జీవి అనిపిస్తుంది. ఒళ్లు సన్నబడి, కాళ్లు పొడుగవుతాయి. నోటి పక్కన ఉండే చిన్న కాళ్లవంటి రెండు అవయవాల చివర బుడిపెలు వస్తాయి. ముందు కాళ్ల లోపలి వైపు కొక్కేలు మొలుస్తాయి. అది చిన్న దారపు పరుపు నేసి, దాని మీద వీర్యపు చుక్క విడిచి, ఆ చుక్కను బుడిపెల్లోకి పీల్చి నింపుకుంటుంది. తరువాత ఇన్నేళ్లు పెరిగిన బొరియను వదిలి బయటికి వస్తుంది. మళ్లీ ఆ గుమ్మం తొక్కదు, మళ్లీ కుబుసం విడవదు.

ఎండ తగ్గి, గాలి నిదానించిన సాయంత్రాల్లో నడక సాగుతుంది. కొన్ని కిలోమీటరుకు పైగా కూడా వెళతాయి. ఆడదాని బొరియ చుట్టూ ఉన్న దారం కాలికి తగిలినప్పుడు ఆగుతుంది. అక్కడ జరిగేది చూడటానికి ఓపిక కావాలి. మగది నోటి దగ్గర నిలబడి ముందు కాళ్లతోనూ నోటి పక్క అవయవాలతోనూ నేలను తడుతుంది. ఆగుతుంది. మళ్లీ తడుతుంది. లోపలి నుంచి స్పందన రాకపోతే కాసేపు చూసి వెళ్లిపోతుంది. వస్తే, ముందు చీకట్లోంచి రెండు కాళ్ల కొనలు కనబడతాయి, తరువాత ఆడ సాలీడు పైకి వస్తుంది. కోరలు తెరిచి ముందు భాగం పైకెత్తుతుంది. మగది సరిగ్గా ఆ క్షణంలో తన కొక్కేలతో ఆ రెండు కోరలనూ కింది నుంచి పట్టి ఆపుతుంది. అట్లాగే ఆమెను వెనక్కి ఎత్తిపట్టి, బుడిపెలను ఒకటి తరువాత ఒకటి ఆమె పొట్ట కిందికి చేరుస్తుంది. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కొక్కేలు వదిలించుకునే పని మాత్రం చాలా జాగ్రత్తగా చేస్తుంది, వదిలించుకోగానే వెనక్కి వెనక్కి అడుగులేసి పరుగు తీస్తుంది. రష్యన్ సామ్రాజ్యంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అలెగ్జాండర్ పెట్రుంకెవిచ్ ఈ జాతి చూపు గురించీ ప్రణయం గురించీ 1911లోనే వివరంగా రాశాడు.

ఆడది మగదాన్ని తినేస్తుందన్న మాట నలుగురి నోళ్లలో నానుతోంది. అప్పుడప్పుడూ అలా జరుగుతుంది కూడా. అయితే చాలా మగ సాలీళ్లు తప్పించుకుని ఇంకో బొరియ వెతుక్కుంటాయి. వాటిని చంపేది ఆకలి, అలసట, కార్ల చక్రాలు, చివరగా చలి. నవంబరు దాటాక ఆ నేల మీద తిరిగే మగ సాలీడు కనబడటం అరుదు.

ఆడ సాలీడు తొందరపడదు. తీసుకున్న వీర్యాన్ని ఒంట్లోని ప్రత్యేక సంచుల్లో దాచుకుని శీతాకాలమంతా గడిపేస్తుంది. మరుసటి వేసవిలో గుడ్లు పెడుతుంది. ఈలోగా కుబుసం విడిస్తే మాత్రం ఆ సంచుల లోపలి పొరతోపాటు దాచుకున్నదంతా పోతుంది, మళ్లీ మగది తలుపు తట్టేదాకా ఆగాల్సిందే. వందల గుడ్లను దారపు సంచిలో చుట్టి బొరియలోనే కాపాడుకుంటుంది. పిల్లలు పుట్టి కొన్నాళ్లు తల్లి దగ్గరే ఉంటాయి. తరువాత కాళ్ల మీద నడిచి బయటికి పోతాయి. చాలా రకాల సాలీడు పిల్లలు దారం వదిలి గాలికి ఎగిరి ఊళ్లకు ఊళ్లే దాటిపోతాయి. వీటికి ఆ అలవాటు లేదు. నడవగలిగినంత దూరం నడిచి వేలంత గుంట తవ్వుకుంటాయి. కాబట్టే ఒకచోట బొరియ కనబడితే చుట్టుపక్కల ఇంకొన్ని కనబడతాయి. ఒకసారి పోయిన చోటికి మళ్లీ తిరిగి చేరడానికి చాలా తరాలు పట్టేది కూడా ఇందుకే.

ఇన్నేళ్లు బతికే జీవికి శత్రువులు తక్కువేమీ కాదు. వాటిలో మొదటిది పెప్సిస్ కందిరీగ. నీలి ఉక్కు రంగు ఒళ్లు, చాలా వాటికి నిప్పు రంగు రెక్కలు. ఎదిగిన కందిరీగ పూల మకరందం తాగి బతికేదే. కానీ దాని పిల్లకు టరంటులా మాంసం కావాలి. ఆడ కందిరీగ బొరియలోని సాలీడును బయటికి రప్పిస్తుంది, లేదా తిరుగుతున్నదాన్ని పట్టుకుంటుంది. ఒళ్లంతా తడిమి చూసి, కాలి మొదట్లో మెత్తని చోట కుడుతుంది. సాలీడు చచ్చిపోదు, కదలలేక పడిపోతుంది. కందిరీగ తనకన్నా ఎన్నో రెట్లు బరువున్న దాన్ని ఈడ్చుకుపోయి గుంటలో పడేసి, ఒకే ఒక్క గుడ్డు పెట్టి, మట్టి కప్పేస్తుంది. గుడ్డు పగిలి వచ్చిన పురుగు ప్రాణానికి అవసరమైన అవయవాలను చివరికి వదిలి మిగతాదంతా ముందు తింటుంది. మాంసం కుళ్లకుండా ఉండటానికి అదే ఉపాయం. పెట్రుంకెవిచ్ 1952లో ఈ పోరు మీద సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసం ఎన్నో సంకలనాల్లో చేరింది. అంత బలం, అంత విషం ఉన్న సాలీడు కందిరీగ తడుముతుంటే ఎందుకు ఎదురుతిరగదన్న ప్రశ్న ఆ వ్యాసాన్ని నడిపిస్తుంది. పక్క రాష్ట్రం న్యూమెక్సికో 1989లో ఈ కందిరీగనే రాష్ట్ర కీటకంగా ప్రకటించుకుంది.

ఆ బొరియలో స్నేహానికీ చోటుంది. ఆ మైదానాల్లో సన్నమూతి చిన్న కప్ప ఒకటి ఉంది. పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు. మన పొలాల్లో వానాకాలం గుక్క తిప్పుకోకుండా అరిచే చిన్ననోటి కప్పల కుటుంబానిదే. ఒక్లహామాలో, టెక్సస్‌లో ఈ కప్పను టరంటులా బొరియల్లో, సాలీడు కాళ్ల దగ్గరే కూర్చుని ఉండగా చూసిన పరిశీలకులున్నారు. 1930ల నుంచీ ఇలాంటి నమోదులు వస్తున్నాయి. సాలీడు దాన్ని పట్టుకుంటుంది, తడిమి చూస్తుంది, వదిలేస్తుంది. కప్ప చర్మపు స్రావాలు దానికి రుచించకపోవడం కారణం కావచ్చంటారు. కప్పకు తడి నేల, చల్లదనం, పాముల నుంచి రక్షణ దొరుకుతాయి. బదులుగా అది చీమల్ని తింటుంది. సాలీడు గుడ్లకు చీమల బెడద ఉంటుంది కాబట్టి ఇద్దరికీ లాభమేనని ఒక అభిప్రాయం. ఇంత చిన్న గోతిలో ఇంత సర్దుబాటు ఉందని తెలిశాక గడ్డి మైదానం ఖాళీగా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోబుద్ధి కాదు.

మనిషికి ఈ సాలీడు వల్ల భయం ఎంత? ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో పనిచేసిన విలియం బేర్గ్ అనే కీటక శాస్త్రవేత్త ఈ ప్రశ్నకు జవాబు తన ఒంటి మీదే వెతికాడు. 1922లో నల్ల విధవ సాలీడుతో కరిపించుకుని ఆసుపత్రిపాలయ్యాడు. టరంటులాల మీద ఏళ్ల తరబడి పనిచేసి 1958లో పుస్తకం తెచ్చాడు. ఈ జాతి కాటు తేనెటీగ కుట్టినదానికన్నా పెద్ద ప్రమాదమేమీ కాదు. చికాకుపెట్టేది దాని పొట్ట మీది రోమాలు. బెదిరితే వెనక కాళ్లతో ఆ రోమాలను రాల్చి విసురుతుంది. చర్మం మీద పడితే దురద, కంట్లో పడితే మంట. ఈ ఆయుధం అమెరికా ఖండాల టరంటులాలకే ఉంది. మన దేశపు టరంటులాలకు లేదు.

1852లో కెప్టెన్ మార్సీ రెడ్ రివర్ మొదళ్ల దాకా సాగించిన యాత్రలో సేకరించిన జీవులను పరిశీలించిన చార్లెస్ జిరార్డ్ లా హుంటా సాలీడు జాతిని మొదట వర్ణించి, దానికి సాలీళ్ల శాస్త్రవేత్త నికొలస్ హెంట్జ్ పేరు పెట్టాడు. ఆ తరువాత వందేళ్లలో రంగూ పరిమాణం తేడాలను బట్టి ఎంతోమంది కొత్త పేర్లు పెట్టేశారు. 2016లో హామిల్టన్, హెండ్రిక్సన్, బాండ్ అనే ముగ్గురు జన్యుపరీక్షలతో లెక్క తేల్చి, అమెరికాలో ఈ ప్రజాతిలో ఉన్నవి 29 జాతులేనన్నారు. వాటిలో 14 అప్పటిదాకా పేరు లేనివి. హెంట్జి మాత్రం అనుకున్నదానికన్నా విస్తారమైనదని తేలింది. కొలరాడో, కాన్సస్, మిస్సోరి, ఆర్కన్సా, ఒక్లహామా, లూయిజియానా, న్యూమెక్సికో, టెక్సస్ దాకా ఇదే.

టెక్సస్ అనగానే డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్రాస్పర్, ఇర్వింగ్‌లలో కాపురముంటున్న మనవాళ్లు గుర్తొస్తారు. వాళ్ల రాష్ట్రంలో అన్నిటికన్నా విస్తారంగా ఉన్న టరంటులా ఇదే. లా హుంటా దాకా వెళ్లే వీలున్నవాళ్లు సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మొదటి వారం దాకా, గాలి లేని వెచ్చని సాయంత్రం, పొద్దు వాలే ముందు గంట చూసుకోవాలి. కారు నెమ్మదిగా నడపాలి, రోడ్డు పక్కన పూర్తిగా దిగాకే ఆగాలి. దాటుతున్న మగదాన్ని సీసాలో పెట్టి ఇంటికి తీసుకుపోకూడదు. పెంచినా అది కొన్ని నెలలకు మించి బతకదు, పైగా ఆ ఏడాది ఒక ఆడ సాలీడుకు జత దొరకకుండా పోవచ్చు.

టెక్సస్‌లో గారేజీ తలుపు దగ్గర ఒకటి కనబడిందంటే, నడిచి రాగలిగిన దూరంలో ఇంకా ఎవరూ దున్నని, కాంక్రీటు పోయని నేల మిగిలి ఉందని అర్థం. అది సాధారణంగా కాలనీ చివర గడ్డి పెరిగిన ఖాళీ స్థలమో, వాగు గట్టో అయి ఉంటుంది. చీపురు అవసరం లేదు. వెడల్పు మూతి డబ్బాను దాని మీద బోర్లించి, కిందినుంచి అట్టముక్క జరిపి, వాకిట్లోని పూల మొక్కల్లో కాకుండా ఆ ఖాళీ స్థలం అంచున గడ్డిలో వదలాలి. ఆడ సాలీళ్లు ఉంటే అక్కడే ఉంటాయి.